త్యాగమా? బలియా? — కళాచలనచిత్రములయందు స్త్రీకర్తృత్వవిచారము

మదనపల్లె, పుంగనూరు, కుప్పము అను పట్టణముల చుట్టుపట్ల గ్రామములలో, పొలిమేరలయందును చెఱువుకట్టల మీఁదను, రెండు తెగల ప్రాచీనశిలలు కానవచ్చుచుండును. మొదటిది వీరగల్లు, రెండవది సతికల్లు. మదనపల్లెకు సమీపముననున్న చిప్పిలి వైదుంబుల యేలుబడిలో నుండిన కాలమునను, బాణులు నొళంబులు మున్నగువారు ఈ సీమకై పోరిన కాలమునను వెలసిన వీరగల్లులు పెక్కు. వానిలోఁ గొన్నింటిపై వీరుని రూపముతోఁ గూడ నతని పేరును, అతఁడు పడిన పోరును చెక్కఁబడియుండును. సతికల్లు తీరు వేఱు. స్తంభమునుండి వెలువడినట్లు చూపఁబడిన కుడిచేయి, మోఁచేతికడ వంగి పైకెత్తఁబడియుండును. ఆ చేతికి గాజులుండును. పెక్కుచోట్ల నంతకు మించి యేమియు లేదు. పేరుండదు, మాట యుండదు. వీరగల్లు కర్తృపదముగల వాక్యము వంటిది; సతికల్లు కర్తృపదము లోపించిన వాక్యము వంటిది.

ఆ చేయి యెత్తఁబడినదనుట నిశ్చయము. కాని యామె దానినెత్తినదా, ఇతరు లామెచే నెత్తించిరా? తెలుఁగున నీ రెంటికిని భేదము ‘ఇంచు’ అను ప్రత్యయమాత్రము. ఆ ప్రత్యయముకడనే స్త్రీత్యాగమును గూర్చిన విచారమంతయు నాధారపడియున్నది. శిల యీ ప్రశ్నకు సమాధానము చెప్పదు. కావ్యము చెప్పఁగలదు, చలనచిత్రమును జెప్పఁగలదు. గడచిన యఱువదియేండ్లకుఁ బైబడిన కాలములో మన దేశమునను విదేశములలోను వెలువడిన కళాచిత్రములలోఁ గొన్ని, దేవునిపేరను ధర్మముపేరను స్త్రీ సమర్పింపఁబడుటయే వస్తువుగాఁ గొన్నవి. వానినిఁ గేవలము కరుణరసప్రధానములని మెచ్చుకొని విడుచుట చాలదు. ఆ చిత్రములలోఁ గర్త యెవరు, కర్మ యెవరు, ప్రయోజకుఁ డెవఁడు అని విడఁదీసి చూచినఁగాని వాని గుణదోషములు తేటపడవు.

శాస్త్రమర్యాదలోఁ గర్త యనఁగా స్వతంత్రుఁడని పాణిని నిర్వచనము. కర్త తన వ్యాపారముచేఁ బొందఁగోరినవానిలో మిక్కిలి యభీష్టమైనది కర్మ. ఆ కర్మముచేఁ గర్త యెవరి నుద్దేశించునో వారు సంప్రదానము. కర్తను బ్రేరేపించువానికి హేతువను పేరు గలదు. వానికిఁ గర్తయనియు వ్యవహారము గలదు. ‘గ్రామస్థులు దేవతకు మేఁకను బలి యిచ్చిరి’ యన్నచో గ్రామస్థులు కర్తలు, మేఁక కర్మ, దేవత సంప్రదానము. ‘ఆమె ప్రాణములను ద్యజించెను’ అన్నచో నామెయే కర్త. ‘ఆమెచేఁ బ్రాణములను ద్యజింపఁజేసిరి’ యన్నచో ‘వారు’ హేతుకర్తలు. ఆమె ప్రయోజ్యకర్త, అనఁగాఁ జేయు చేయి యామెది, చేయించు బుద్ధి యితరులది. ఈ మూఁడవవాక్యమును రెండవవాక్యముగా మార్చి చదువుటయే లోకమున జరుగుచున్న పని. చేయించినవారు వాక్యమునుండి తొలఁగిపోవుదురు. చేసినయామె మాత్రము మిగులును. ఆమెకు గుడియో శిలయో యేర్పడును.

త్యాగశబ్దమునకు మీమాంసకులు చెప్పిన యర్థము నిట స్మరింపఁదగినది. ద్రవ్యము, దేవత, త్యాగము అను మూఁడును గూడినదే యాగము. త్యాగమనఁగా ద్రవ్యముపైఁ దనకుఁ గల స్వత్వమును దేవతోద్దేశముగా విడుచుట. కాఁబట్టి తనది కానిదానిని ద్యజించుట కెవరికిని నధికారము లేదు. విశ్వజిద్యాగమున సర్వస్వము నీయవలెనని విధి యుండఁగా, తండ్రి మున్నగు బంధువులనుగూడ నీయవలెనా యను సంశయము పుట్టినది. బంధువులపై మమకారమే కాని స్వత్వము లేదు గనుక వారు దేయద్రవ్యములు కారని జైమిని సిద్ధాంతము. సభాపర్వమున ద్రౌపది యడిగిన ప్రశ్నయు నీ జాతిదే: తన్ను దా నోడినవాఁడు నన్నొడ్డుట కెట్లధికారి యయ్యెనని యామె ప్రశ్న. ఆ సభలో దానికిఁ దేటయైన సమాధానము దొరకలేదు. పురుషుఁడు దాను స్వామిగాని స్త్రీని సమర్పించుట త్యాగముగాదు, అపహరణమని చెప్పుటకు శాస్త్రమే చాలును. నవీనవాదముల నాశ్రయింపఁ బనిలేదు.

చిత్తూరుసీమలోఁ బుట్టిన యొక కావ్యము నీ విచారమునకు మొదటి నిదర్శనముగాఁ గొనఁదగును. చిత్తూరుదరి కట్టమంచియందు 1880లో జన్మించి, పిదప ఆంధ్రవిశ్వకళాపరిషత్తునకుఁ బ్రథమోపాధ్యక్షుఁడైన రామలింగారెడ్డి, విద్యార్థిదశయందే ‘ముసలమ్మ మరణము’ రచించెను. అనంతపురము సమీపమునందలి బుక్కరాయసముద్రపుఁ జెఱువు తెగనుండఁగా, గ్రామరక్షణార్థము ముసలమ్మ యను కోడలు గండికి నాత్మార్పణము చేసెనను స్థానికకథ దానికి మూలము. పేరు ముసలమ్మ యైనను నామె యౌవనవతి. దేవతావాక్కు ఆమెను గోరును. ఆమె యత్తమామలకడను భర్తకడను సెలవు గైకొని, బిడ్డను విడిచి నీటికిఁ బోవును. కన్నడసీమలోను చెఱువునకు బలియైన కోడలి కథ జానపదగేయముగాఁ బ్రసిద్ధము. చెఱువులే ప్రాణాధారములైన యీ మెట్టసీమలయం దిట్టి కథలు పుట్టుట వింత కాదు.

రామలింగారెడ్డి చేసిన మేలు గొప్పది. స్థానికకథలో నామమాత్రముగా నున్నదానికి నోరిచ్చెను. సతికల్లుమీఁది యొంటిచేతికి ముఖము నిచ్చెను. ముసలమ్మ విచారించును, దుఃఖించును, నిశ్చయించును. కాని యా గండికిఁ గోడలే యేల కావలసివచ్చెనను ప్రశ్న కావ్యమున నడుగఁబడలేదు. కట్ట కాపాడుకొనుట గ్రామమున కంతకును బాధ్యత. వెల చెల్లించినది పుట్టింటినుండి వచ్చిన యాఁడుది. ఎన్నుకొన్నది దేవతావాక్కు గనుక నెన్నుకొన్నవారిపై నేరము లేదు. ఆమె యంగీకరించెను గనుక నది బలిగాక త్యాగమయ్యెను. కట్ట నిలిచెను గనుక త్యాగము సఫలమయ్యెను. ఈ మూఁడు మెట్లును ఎక్కినతోడనే పాఠకుని సంశయము లడఁగిపోవును. కావ్యమునకుఁ గరుణరసము సిద్ధించెను. కాని హేతుకర్త తెఱవెనుకనే యుండిపోయెను.

సత్యజిద్రాయి 1960లో నిర్మించిన ‘దేవి’ యను వంగచిత్రము ఆ తెఱను దొలఁగించినది. దాని మూలకథ ప్రభాతకుమార ముఖోపాధ్యాయునిది; కథాబీజము నొసఁగినవాఁడు రవీంద్రుఁడు. 1919లో మదనపల్లె కళాశాలలో విడిసి ‘జనగణమన’ గీతమున కాంగ్లానువాదము రచించిన యా రవీంద్రుఁడే యీ బీజమునకును గర్త యగుట యీ సీమవారికి స్మరణీయము. జమీందారగు కాళీకింకరుఁడు తన చిన్నకోడలు దయామయి సాక్షాద్దేవి యని కలఁగని, మేల్కొని యామె పాదములపైఁ బడును. ఆనాఁటినుండి యా బాలిక పీఠముపైఁ గూర్చుండవలసినది. ఒక రోగిష్ఠిబాలునికి స్వస్థత చిక్కును; జనులు తండోపతండములుగా వత్తురు. నగరమున నాంగ్లవిద్య నభ్యసించుచున్న భర్త ఉమాప్రసాదుఁడు వచ్చి యామెను రహస్యముగాఁ గొనిపోవఁజూచును.

ఈ చిత్రమున కంతకును ప్రాణము నదీతీరదృశ్యము. తప్పించుకొనిపోవుటకు మార్గమున్నది, తోడు భర్త యున్నాఁడు. అయినను దయామయి యాగిపోవును. తాను నిజముగా దేవినేమో, వెడలిపోయినచోఁ గీడు వాటిల్లునేమో యని యామె సంశయము. ఆమెను బలాత్కారముగాఁ బట్టినవాఁడెవఁడును లేఁడు. కాని మామగారి కల యామె బుద్ధిలోఁ జొచ్చి తన యాలోచనవలెఁ బలుకుచున్నది. ప్రయోజ్యకర్తకు నింతకంటె స్పష్టమైన యుదాహరణము వ్యాకరణగ్రంథములలోను దొరకదు. కడపట ఇంటి బిడ్డఁడు జబ్బుపడఁగా, వైద్యుని మాని యామె యొడిలోఁ బెట్టుదురు, బిడ్డఁడు చనిపోవును, ఆమెకు మతి చలించును. కాళీకింకరుఁడు క్రూరుఁడు కాఁడు, దుష్టుఁడు కాఁడు, భక్తుఁడు. దర్శకుఁడాతని భక్తిని బరిహసింపక, దాని ఫలమును మాత్రమే చూపెను. దేవతగాఁ జేయుటయు బలి యిచ్చుటయు నొకటే క్రియ కావచ్చునని యీ చిత్రముచేఁ దేటపడును: సంప్రదానస్థానమునఁ గూర్చుండఁబెట్టఁబడిన స్త్రీయే కర్మస్థానమున నాహుతియైనది.

తెలుఁగుచిత్రములలో నీ మార్గము పట్టినవానిలో శ్యామ్ బెనెగల్ 1978లో నిర్మించిన ‘అనుగ్రహము’ ముందుగాఁ బేర్కొనఁదగినది. చింతామణి త్ర్యంబక ఖానోల్కరుని మరాఠీనవల దీనికి మూలము. పరశురామున కొక స్వామి బ్రహ్మచర్యవ్రతమును విధించి, గర్భస్రావకరమైన మూలిక నొసఁగును. వ్రతము భర్తది, దాని భారము భార్య అనసూయది. ఆమె సమ్మతి నెవరును అడుగలేదు. పిదప నొక సంశయమునే దైవాజ్ఞగా నెంచి, పరశురాముఁడా మూలికను బార్వతి యను వేఱొక స్త్రీయెడఁ బ్రయోగించును. సంశయము మిథ్య యని యాలస్యముగాఁ దేలును. ఇట ‘అనుగ్రహము’ అను పేరే వ్యంగ్యము. అనుగ్రహము పొందినది పురుషుఁడు; దానికి మూల్యమిచ్చినవా రిరువురు స్త్రీలు. తపస్సు చేయువాఁ డొకఁడు, తపించువారు వేఱొకరు అను వైపరీత్యమును వాణిశ్రీయు స్మితా పాటిలును మితాభినయముచేఁ జక్కఁగాఁ బ్రకటించిరి.

మోహనకృష్ణ ఇంద్రగంటి 2004లో నిర్మించిన ‘గ్రహణము’ చలముగారి ‘దోషగుణము’ అను కథ కనుసరణము. నూతనదర్శకుల తొలిచిత్రములలో నుత్తమమైనదానికిఁ గేంద్రప్రభుత్వ మిచ్చు పురస్కారము దీనికి లభించినది. సంపన్నగృహిణి శారదాంబ పేదవిద్యార్థుల కన్నము పెట్టు సాధ్వి. ఆ యింటఁ దినుచున్న బాలున కొకనికి విషమజ్వరము రాఁగా, తనకంటెఁ బెద్దదగు స్త్రీతోడి సంపర్కమువలన నది కలిగెనని వైద్యుఁడు నిర్ణయించును. ఆ స్త్రీ రక్తమే దానికి మందట! బాలుఁడు పలవరింతలోఁ బలికిన మాటవలన శారదాంబ పేరు పైకి వచ్చును. రక్త మీయనిచో బాలుని ప్రాణము పోవును. ఇచ్చినచో నామె మానము పోవును.

ఈ కథలోని క్రూరత్వము దాని తర్కమునందున్నది. ఔషధమే ప్రమాణము, చికిత్సయే నేరనిరూపణము. దయచే నామె చేసిన దానమే యామెకు వ్యతిరేకముగా సాక్ష్యము పలుకును. న్యాయశాస్త్రమున హేత్వాభాసమనఁదగినది యింటిలో, వీథిలో, వైద్యునికడ సద్ధేతువుగాఁ జెల్లిపోవును. అన్నపూర్ణ యని పొగడినవారే దోషి యని వెడలఁగొట్టుటకుఁ బట్టిన కాలము స్వల్పము. ఏలయనఁగా నా రెండు పేరులలో నొకటియు నామె తనకుఁ దాను బెట్టుకొన్నది కాదు. నలుపుతెలుపులలోఁ దీయఁబడిన యీ చిత్రమున నీడ వెలుఁగును మ్రింగు క్రమము పేరునకుఁ దగియున్నది. ఆమె నిర్దోషిణి యని చాటి ప్రేక్షకుని ఊఱడింపక, తీర్పుచెప్పుటకు నీ వెవఁడవను ప్రశ్నను వానిపైననే నిలుపుట దర్శకుని వివేకము.

మతము పేరు లేనిచోట నీ క్రియ యెట్లుండునో చూడఁగోరువారికి బి. నర్సింగరావు 1988లో నిర్మించిన ‘దాసి’ గలదు. తెలంగాణపు గడీలో దాసియైన కమలాక్షి పనియు శరీరమును దొరలవి. ఆమె గర్భము నిలుపుకొనుటయుఁ బోఁగొట్టుకొనుటయుఁ గూడ నామె యిచ్ఛ కాదు. ఇందు దేవతావాక్కు లేదు, వ్రతము లేదు, త్యాగమను మాట లేదు. అందుచేతనే కారకవిభాగ మెండలోవలె స్పష్టము. కమలాక్షి పాత్రధారిణి అర్చనకుఁ గేంద్రప్రభుత్వ ముత్తమనటి పురస్కార మొసఁగినది. ఆ నటనలో విలాపము లేదు. ఊడ్చుట, తోముట, పిలిచినప్పుడు పోవుట మాత్రమే. ‘దేవి’తోఁ బోల్చి చూచిన, మతమొసఁగినది పీఠమును బుష్పములును మాత్రమే యనియు, క్రింద నున్న వాక్య మొక్కటే యనియు గ్రహింపనగును.

కుప్పమున తెలుఁగుతోపాటు తమిళకన్నడములును వినవచ్చును. సరిహద్దు దాఁటినఁ గన్నడసీమయే. కాఁబట్టి యీ ప్రాంతపుఁ బాఠకులకు కన్నడచిత్రములు పరదేశపువి కావు. అందును ‘సంస్కార’ (1970) దర్శకుఁడు నెల్లూరిసీమవాఁడగు తిక్కవరపు పట్టాభిరామరెడ్డి. 1939లో ‘ఫిడేలు రాగాల డజన్’ ప్రకటించి తెలుఁగుకవిత్వమునఁ గలకలము రేపినవాఁడు. అనంతమూర్తి నవలకు రూపమైన యీ చిత్రమున ప్రాణేశాచార్యుఁడు చిరరోగిణిని వివాహమాడి, యామెకు జేయు సేవయే తనకుఁ దపస్సని తలఁచును. పురుషుఁడును ద్యాగి కావచ్చును, కాని యా త్యాగమునకుఁ బనిముట్టు స్త్రీశరీరమే యను సూక్ష్మ మిట నున్నది. భార్యరోగ మాతని పుణ్యమునకు సాధనము, అనఁగాఁ గరణకారకము. దీనికి నెదురుగా నిలిచినది చంద్రి. నారణప్పశవమునకు సంస్కార మెవరు చేయవలెనని విప్రులు శాస్త్రములు తిరగవేయుచుండఁగా, తన నగలు దీసి ముందుఁ బెట్టినదియు, కడపట దహనము జరిపించినదియు నామెయే. జరిపించుటలోని ‘ఇంచు’ ప్రత్యయ మిట స్త్రీపక్షమునఁ బ్రయోగింపఁబడినది. ఇది యరుదైన ప్రయోగము.

గిరీశ్ కాసరవల్లి ‘ఘటశ్రాద్ధ’ (1977) యందు వితంతువగు యమున గర్భవతి యగుటచే, బ్రదికియుండఁగనే తండ్రి యామెకు శ్రాద్ధము పెట్టును. ఘటము పగిలినఁ గూఁతురు చచ్చినట్లే. ఈ చిత్రమున మంత్రములు సరిగానే పలుకఁబడును, స్వరలోపము లేదు. క్రియాలోపము లేని కర్మకాండలో మనుష్యలోప మెట్లుండునో చిన్నవాఁడగు నాణి కన్నులతోఁ జూపుటచే, శాస్త్రవాదము కెడము లేకపోయెను. బాలునికి యుక్తులు తెలియవు. తన కన్నము పెట్టి లాలించిన యక్క బోడితలతోఁ జెట్టుక్రింద నొంటరిగాఁ గూర్చున్నదని మాత్రము తెలియును.

విదేశచిత్రములలో నీ వస్తువును మిక్కిలి సాహసముగాఁ జేపట్టినది లార్స్ వాన్ ట్రయర్ 1996లో నిర్మించిన ‘బ్రేకింగ్ ది వేవ్స్’. స్కాట్లండు తీరమందలి కఠోరనియమములుగల క్రైస్తవసంఘమున స్త్రీలు ప్రార్థనాసభలో నోరు విప్పరాదు. ఆ దేవాలయమునకు గంటలును లేవు. బెస్ అను ముగ్ధ సముద్రగర్భమున నూనె తీయుచోటఁ బనిచేయు యాన్ అనువానిని బెండ్లాడును. ప్రమాదవశమున నాతని యవయవములు పడిపోవును. పరపురుషులతోఁ గూడి యా వృత్తాంతము తనకుఁ జెప్పుమని యాతఁడు కోరఁగా, దానిచే నాతఁడు స్వస్థుఁ డగునని నమ్మి యామె తన్ను దా నాశనము చేసికొనును, సంఘము వెలివేయును, ఆమె మరణించును, యాన్ లేచి నడచును, ఆకాశమున గంటలు మ్రోఁగును.

ఇందలి యద్భుతకల్పన యొకటి మెచ్చఁదగినది. బెస్ దేవునితో సంభాషించునప్పుడు ప్రశ్నయు నామెయే, ప్రత్యుత్తరమును నామెయే. గొంతు మార్చి దేవుఁడై తన్నుఁ దా గద్దించుకొనును. ప్రయోజకుఁడు ప్రయోజ్యురాలి నోటనే నివసించుచున్నాఁడు. నోరు విప్పరాదన్న సంఘమే యామె నోటినుండి దేవునివలెఁ బలుకుచున్నది. ఎమిలీ వాట్సన్ యభినయముచే నీ సూక్ష్మము ప్రత్యక్షమైనది. కాని చిత్రాంతమునఁ గవి కార్యమును దర్శకుఁడు చెడఁగొట్టెను. గంటలు మ్రోఁగుటతో త్యాగము సఫలమని నిర్ణయమయ్యెను. పురాణమునకు ఫలశ్రుతి యెట్టిదో యీ చిత్రమునకు గంట లట్టివి: ఇట్లు చేసినవారి కిట్టి ఫలము గలుగునను విధివాక్యము వంటివి. సంఘపు మూఢత్వమును ఖండించిన చిత్రమే యామె మృతికి స్వర్గమునుండి రసీదు తెప్పించుట పూర్వాపరవిరుద్ధము. ఆ గంటలు దేవుఁడున్నాఁడనుటకు గుఱుతులే కాని, బలి మంచిదనుటకు గుఱుతులు కావని దర్శకుని పక్షమువారు చెప్పవచ్చును. కాని యాన్ లేచి నడచుటయు దానితోఁ గూడి యుండఁగా, ప్రేక్షకుఁడా రెంటిని వేఱుచేయజాలఁడు.

ఇట నొక పూర్వపక్షము వినఁదగియున్నది. స్త్రీ చేసిన ప్రతిత్యాగమునకును వెనుక నొక ప్రయోజకుని వెదకుట స్త్రీని బుద్ధిహీనురాలినిగా నెంచుట కాదా? భక్తితో, ప్రేమతో, స్వేచ్ఛగా ప్రాణము నొసఁగిన స్త్రీలు లేరా? అని. ఉన్నారు. వారిని గుర్తించుటకే పరీక్ష కావలసియున్నది. స్వతంత్రకర్తకు వేదాంతులు చెప్పిన లక్షణము మూఁడు విధములు: చేయుటకును, చేయకుండుటకును, మఱొకవిధముగాఁ జేయుటకును శక్తి గలిగియుండుట. ముసలమ్మకుఁ జేయుటకు శక్తి కలదు. వలదనుటకుఁ గావ్యమున నవకాశము లేదు. దయామయికి మార్గమున్నను మనస్సు లేదు, మనస్సును మామగా రదివఱకే గైకొనెను. శారదాంబ కిచ్చుటయు నీయకుండుటయు రెండును నాశహేతువులే. బెస్సున కాజ్ఞయు నంగీకారమును నొకే గొంతువి. చంద్రి యొక్కతె మఱొకవిధముగాఁ జేసినది. నిరాకరించు శక్తి లేనిచోట నంగీకారమునకు విలువ లేదు. విలువలేని యంగీకారమును ద్యాగమనుట శబ్దాపచారము.

ఈ సీమ మఱొక స్త్రీరూపమునుగూడ నెఱుఁగును. పుంగనూరున సుగుటూరు గంగమ్మకును, కుప్పమునఁ బ్రసన్న తిరుపతి గంగమ్మకును జాతరలు జరుగును. మదనపల్లె పుంగనూరుల నడుమ బోయకొండపై గంగమ్మ వెలసియున్నది. తిరుపతి తాతయ్యగుంట గంగమ్మకథలో, స్త్రీలను జెఱచు పాలెగానిని దేవి వేషములు మార్చి వెదకి సంహరించును. అందులకు స్మారకముగా జాతరలోఁ బురుషులు స్త్రీవేషము ధరింతురు. ఈ జాతరను విచారించి 2013లో గ్రంథము ప్రకటించిన జాయిస్ ఫ్లూకిగర్ అను నమెరికాదేశపు విదుషీమణి, పురుషులు స్త్రీత్వమును ధరించుటయే యిందలి ముఖ్యార్థమని ప్రతిపాదించినది. ఇట గంగమ్మ నిస్సందేహముగాఁ గర్త. కర్మస్థానమున నున్నవాఁడు పాలెగాఁడు. అయినను దేవతను గర్తగాఁ గొలుచుటచేతనే యింటిలోని స్త్రీ కర్త యగుననుకొనుట పొరపాటు. కాళీకింకరుఁడును శక్త్యుపాసకుఁడే గదా! గంగమ్మ కథలో నెదిరించు శక్తి యున్నది; ఆ శక్తి జాతర ముగిసిన మఱునాఁడు కోడలి మాటలోఁ గానవచ్చునా యనుటయే ప్రశ్న.

ఇది కావ్యచర్చ మాత్రమే కాదు. 2021 జనవరిలో మదనపల్లెలో విద్యావంతులగు తలిదండ్రులు, మరల బ్రదికి వత్తురను నమ్మకముతోఁ దమ యిరువురు కూఁతుండ్రను జంపిరను నభియోగముపై నిర్బంధింపఁబడిరి. వ్యక్తుల దోషనిర్ణయము న్యాయస్థానముది. వారి మనఃస్థితి విచారణము వైద్యులది. సాహిత్యమునకు సంబంధించిన యంశ మొకటి గలదు. చచ్చినవారు బ్రదుకుదురు, తెగిన కట్ట నిలుచును, పడిపోయినవాఁడు నడచును అను కథలు లోకమునకు నలవాటైనవి. ఆ కథలలోఁ బోవునది తఱచుగాఁ గోడలు, భార్య, కూఁతురు. ఫలము పొందునది కుటుంబము, గ్రామము, సంఘము. కవి గాని దర్శకుఁడు గాని యట్టి ఫలశ్రుతిని వ్రాయునప్పుడు, దానిని విధిగాఁ జదువుకొనువారు నుందురని యెఱుఁగవలెను. విద్య యొక్కటియే యీ పఠనమును మాన్పఁజాలదని కాళీకింకరుని పాండిత్యమే సాక్ష్యము.

కాఁబట్టి స్త్రీత్యాగము వస్తువైన చిత్రమును బరీక్షించునప్పుడు మూఁడంశములు గమనింపవలెను: చేయించినవా రెవరో చిత్రము చూపెనా? వలదనుట కామెకుఁ దావిచ్చెనా? చివర ఫలమును జూపి క్రియను సమర్థింపకుండెనా? ఈ మూఁటికిని నిలిచినవి ‘దేవి’, ‘ఘటశ్రాద్ధ’, ‘గ్రహణము’. మొదటిది నెఱవేర్చి మూఁడవదానికడఁ దప్పినది ‘బ్రేకింగ్ ది వేవ్స్’. ‘ముసలమ్మ మరణము’ స్త్రీకి వాక్కు నొసఁగుటచే మార్గదర్శకము. ప్రయోజకుని విడిచిపెట్టుటచే నసంపూర్ణము. మదనపల్లె పుంగనూరు కుప్పముల సీమలోని శిలలను, జాతరలను, చెఱువుకథలను వస్తువుగాఁ గొని చిత్రము నిర్మింపఁ బూనువా రెవరైన నుండినచో, వారు సతికల్లుమీఁది చేతిని మరల నొకమాఱు అందముగాఁ జూపుటతోఁ దృప్తిపడరాదు. ఆ చేతిని బట్టి యెత్తిన చేతులను, ఆ చేతులు గలవారి పేరులనుగూడఁ జూపవలెను.